డ్యూబియస్ అనేది మనిషికా, వస్తువుకా?

ఇంగ్లీషు బాగా తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరండి, బ్యాంకు పరీక్షకి చదువుతూ డ్యూబియస్ దగ్గర ఆగిపోయాను. డిక్షనరీ చూస్తే అనుమానపడే మనిషినీ అనొచ్చంట, అనుమానం కలిగించే వస్తువునీ అనొచ్చంట. మరి వాక్యంలో ఏది ఏదో ఎలా పట్టుకోవాలి?

మొన్న చెరువు మీద రొయ్యలు పట్టినప్పుడు కొనేవాడు 50 కౌంట్ (అంటే కిలోకి 50 రొయ్యలు) అన్నాడు, నాన్న గుప్పెడు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి మొహం అదోలా పెట్టారు. ఇక్కడ నాన్న డ్యూబియస్సా, ఆ కౌంట్ డ్యూబియస్సా? నాకైతే రెండూ కరెక్టే అనిపిస్తోంది. వెనకాల అబౌట్ వస్తే మనిషి అనుమానమని, డ్యూబియస్ క్లెయిమ్ లాగా నామవాచకం ముందు వస్తే ఆ వస్తువు మీదే అనుమానమని నాకు అర్థమైంది, ఈ గుర్తు ఎప్పుడూ పనిచేస్తుందా?

అనుమానపడే అనే అర్థమే ఉన్న స్కెప్టికల్ మాత్రం మనిషికే కదా, మరి ఖాళీలు నింపే ప్రశ్నలో రెండూ ఆప్షన్లుగా ఇస్తే దేనికి టిక్ పెట్టాలి? డౌట్‌లో బి పలకరు, డ్యూబియస్‌లో పలుకుతారు, రెండిటి మూలం లాటినే, అదో గోల. బట్టీ పట్టమని మాత్రం చెప్పకండి, అది మా కోచింగ్ సార్ రోజూ చెప్పేదే.