ఒడియా అక్షరాల్లో తెలుగు: మెడా, మేడా?

నాది ఒడిశాలోని పర్లాకిమిడి, కానీ బడి పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో, కాబట్టి ఒడియా చదవడం రాదు. కాబోయే ఆవిడది రాయగడ. మాట తెలుగే, చదువు ఒడియా మీడియం. వాట్సాప్‌లో తెలుగునే ఒడియా అక్షరాల్లో రాస్తుంది.

అనువాదం యాప్‌లో పెడితే అది ఒడియా భాషే అనుకుని ఏవో పిచ్చి ముక్కలిస్తోంది. లిపి మార్చే సైట్ నయమే గానీ, ఒడియాలో ఎ-ఏ, ఒ-ఓలకి వేరే అక్షరాల్లేవుగా, అన్నీ దీర్ఘాలే వస్తున్నాయి. మొన్న రాత్రి నగల కోసం "మెడ కొలత పంపనా?" అంది. నాకు "మేడ" అని వచ్చింది. పందిరికేమో అనుకుని "30 అడుగులు చాలు" అన్నా! వాయిస్ పంపమంటే ఇంటి నిండా చుట్టాలట.

పెళ్ళికింకా 24 రోజులే. ఒడియా లిపిలో తెలుగు రాసేవాళ్ళు ఈ పొట్టి ఎ, ఒలని ఎలా గుర్తుపెడతారు?