గండం గడిచాక ప్రార్థన ఆగిపోయింది, ఎవరికైనా ఇలా జరిగిందా?

ప్రశ్న (సింగ్‌నగర్, విజయవాడ)

అందరికీ వందనాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు మా ఇల్లు మునిగింది. కుట్టుమిషన్లు, పండక్కి కుట్టమని ఇచ్చిన వాళ్ల బట్టలు, బీరువాలో కాగితాలు, అన్నీ బురదే. అది సర్దుకునేలోపే మావారికి పక్షవాతం వచ్చింది. ఇప్పుడు ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నారు, అప్పు కూడా కొంత తీరింది, చూసేవాళ్లకి అంతా బాగున్నట్టే. నాకే లోపల ఏమీ మిగల్లేదు. బైబిల్ తెరిస్తే అక్షరాలు కనిపిస్తున్నాయి అంతే, మోకరిస్తే నిద్రొస్తోంది. సంఘంలో ఒకావిడ "దాచిన పాపం ఏదైనా ఉందేమో చూసుకో అమ్మా" అన్నారు, అప్పట్నుంచి ఆదివారం అంటేనే టెన్షన్. పైగా దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పమంటున్నారు. ఏం చెప్పను?

జవాబు 1

సిస్టర్, స్తుతి మానొద్దు. అంజూరపు చెట్టు పూయకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా ఆనందిస్తానన్నాడు బైబిల్లో హబక్కూకు ప్రవక్త. నోటితో మొదలుపెట్టండి, మనసు వెనకే వస్తుంది.

జవాబు 2 (గుంటూరు)

తమ్ముడూ, నువ్వు చెప్పింది మూడో అధ్యాయం. మొదటి అధ్యాయంలో అదే హబక్కూకు ఎంతకాలం మొరపెట్టినా నువ్వు వినవా అని దేవుడితో పోట్లాడాడు, అది దాటేసి ఆమెను నేరుగా చివరికి రమ్మంటే ఎట్లా?

అమ్మా, 1 రాజులు 19 చదువు, చదవలేకపోతే ఎవరిచేతైనా చదివించుకుని విను. ఏలీయా ప్రవక్త చావాలనుకున్నది ఓడిపోయినప్పుడు కాదు, కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తల ఎదుట అంత గెలుపు చూసిన తర్వాత. యెజెబెలు రాణి బెదిరింపు ఒక్కటి చాలింది, చెట్టు కింద పడి ఇక చాలు అన్నాడు. అప్పుడు దేవుడు ప్రసంగం చెప్పలేదు. దూత నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి లేపాడు, తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు, రెండోసారి లేపి ప్రయాణం నీ శక్తికి మించింది, తిను అన్నాడు. హోరేబు కొండ దగ్గర ఏలీయా ఒకే ఫిర్యాదు రెండుసార్లు చెప్పినా విన్నాడు, ఆ తర్వాతే పని అప్పగించాడు, తోడుగా ఎలీషాను చూపించాడు. నీకు మోకాళ్ల మీద నిద్రొస్తోందంటే, ముందు పడుకో.

ఆ పాపం మాట అన్నావిడకి యోబు 42:7 చూపించు. యోబుకి కష్టాలొస్తే నీ పాపమే కారణమన్నారు అతని స్నేహితులు. తప్పు మాట్లాడారని దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, అతని స్నేహితుల మీద. (చూపిస్తే ఇంకో గొడవ అనుకుంటే వదిలెయ్, ఆవిడతో వాదించే ఓపిక నీకెక్కడిది.) సాక్ష్యం ఇప్పుడు కుదరదని పాస్టరు అయ్యగారికి చెప్పేయ్. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, దాన్ని కూడా ప్రార్థనే అన్నారు కదా.

జవాబు 3 (విజయవాడ)

నేను నర్సుని. మంచం పట్టిన మనిషికి నెలల తరబడి చేసినవాళ్లు ఇలా అయిపోవడం చాలా చూశాను. నిద్ర, ఆకలి బాగా తేడాగా ఉంటే డాక్టరుకి చూపించుకోండి, అది విశ్వాసం లేకపోవడం కాదు. మేం కేథలిక్కులం, మనసు బాగోకపోతే గుణదల మరియమాత కొండకి వెళ్తాను. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా తిరునాళ్ల రద్దీ, మామూలు రోజుల్లో ఊరికే కూర్చోవచ్చు. మీ సంఘం వాళ్లు ఒప్పుకోకపోవచ్చులెండి, ఏటి ఒడ్డయినా పర్లేదు.

ప్రశ్న అడిగినవారు

గుంటూరు అమ్మగారూ, ఆ అధ్యాయం మావారిచేత చదివించుకున్నాను. ఆయనకి ఇంకా మాట తడబడుతుంది, మెల్లగా చదివారు. సాక్ష్యం సంగతి రేపు అయ్యగారికి ఫోన్ చేసి చెప్తాను. నర్సు గారూ, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఏమేం చెప్పాలో కాస్త రాయగలరా?