బ్లాక్ దాటడం అందరికీ తేలికే, నాకు తప్ప

ట్యాబ్‌కీ: నాకు పుట్టుకతోనే చూపు లేదు. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ, ఫోన్‌లో టాక్‌బ్యాక్ వాడతాను, రెండూ తెర మీదున్నది చదివి వినిపించేవే. మా హాస్టల్ వైఫైకి ఏదో ఫిల్టర్ పెట్టారు. అమ్మకొచ్చిన బ్రెస్ట్ క్యాన్సర్ గురించి చదువుదామని నిన్న ఒక పేజీ తెరిస్తే, ఎన్‌వీడీఏ "గ్రాఫిక్" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. నెట్ పోయిందేమోనని మూడుసార్లు రీలోడ్ చేశా. పక్క గది కుర్రాడు చూసి, "బ్లాక్ అయిందన్నా, బొమ్మలో రాసుంది" అన్నాడు. బ్లాక్ చేశామన్న సంగతి కూడా నాకు తెలియనివ్వలేదన్నమాట!

వాడు ఇలాంటి ఫిల్టర్లని దాటించే వీపీఎన్ యాప్ వేసుకుని రోజూ సినిమాలు చూస్తాడు. అదే యాప్ నేనూ దించుకున్నా. వేలు ఎక్కడ పెట్టినా "లేబుల్ లేని బటన్". నాలుగోది నొక్కితే డబ్బు కట్టే పేజీకి పోయింది. నాలాంటివాళ్లు వాడగలిగే దారి ఏదైనా ఉందా?

పాతమోడెం: వీపీఎన్ దాకా పోకండి. ఆండ్రాయిడ్ 9 నుంచి సెట్టింగ్స్‌లోనే ప్రైవేట్ డీఎన్ఎస్ ఉంది, సైటు అడ్రస్‌ని వేరే సర్వర్‌లో వెతికించే సెట్టింగ్ అది. ఫోన్ సొంత మెనూ కాబట్టి టాక్‌బ్యాక్ తడబడదు. కొన్ని ఫిల్టర్లు సైటు అడ్రస్ వెతికే దగ్గరే అడ్డుపడతాయి, వాటికి ఇది చాలు. ల్యాప్‌టాప్‌లో బొమ్మ ఎదురైతే ఎన్‌వీడీఏ కీతో ఆర్ నొక్కండి. విండోస్ 10లో, ఆ తర్వాతి వాటిలో ఓసీఆర్ అందులోని రాత చదువుతుంది.

ఇక "బ్రెస్ట్" లాంటి మాటలు పట్టుకుని ఆపే ఫిల్టర్ల తెలివి పాత కథే. 1996లో ఇంగ్లండ్‌లోని స్కన్‌థోర్ప్ వాళ్లకి ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సర్వీసులో ఖాతా తెరవడమే కుదర్లేదు, ఊరి పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్ మధ్యలో బూతు ఉందని!

సెమికోలన్: నేను యాప్‌లు రాస్తాను. ఆ బటన్‌కి పేరు పెట్టడమంటే కంటెంట్ డిస్క్రిప్షన్ అని ఒక్క లైను. బద్ధకం తప్ప ఇంకేం కాదు. నేనూ ఎగ్గొట్టినవాణ్ణే.

నిమ్మళం: హాస్టల్ అన్నాక చిన్నపిల్లలూ ఉంటారు కదండీ. ఫిల్టర్ అసలే వద్దంటే ఎలా?

ట్యాబ్‌కీ: ఉండనివ్వండి. కానీ ఆగిందెవరు? మా అంతస్తు మొత్తంలో నేనొక్కణ్ణే. చిన్నపిల్లలే నాకు వీపీఎన్ పేర్లు చెబుతున్నారు.

పాతమోడెం గారూ, ప్రైవేట్ డీఎన్ఎస్ పని చేసింది. పేజీ తెరుచుకుంది, స్పీకర్‌లో పెట్టి అమ్మకీ వినిపించా. పొద్దున వార్డెన్‌ని కలిశా. ఫిల్టర్ తీయమనలేదు, ఆ బొమ్మ బదులు మామూలు అక్షరాల్లో రాయమన్నా. "చూద్దాం" అన్నారు.