కాలనీలో వీధికుక్కలకు రేబిస్ టీకాలు: ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. రాజమండ్రిలో మాది చిన్న రెస్క్యూ గ్రూపు, పది మందిమి. దెబ్బ తగిలిన కుక్కల్ని ఆసుపత్రికి చేర్చడం, కుక్కపిల్లల్ని దత్తత ఇప్పించడం వరకూ అలవాటే. వచ్చే జూలై 6న మా వైపు ఐదు వీధుల్లో ఉన్న కుక్కలన్నిటికీ రేబిస్ టీకా వేయించాలనుకుంటున్నాం. కుక్కలు 120 దాకా ఉంటాయి. పశువుల డాక్టరు గారు ఒకరు వస్తానన్నారు. టీకా ఎంత తెప్పించాలి, ఎలా దాచాలి, మనిషిని చూస్తేనే పరిగెత్తే వాటిని ఎలా పట్టాలి? కాలనీ సంఘం వాళ్లేమో "టీకాలెందుకు, ఎత్తుకుపోండి" అంటున్నారు. వీధి చివర ప్రాథమిక పాఠశాల ఉంది, పిల్లలకు చెప్పదగ్గవి ఏమైనా ఉంటే అవీ చెప్పండి.

కోల్డ్‌చెయిన్:
తేదీ బాగా ఎంచుకున్నారండి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్, కుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే పిల్లవాడికి టీకా మొదలుపెట్టారు. అందుకే ఆ రోజు జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి చెప్పే రోజు. ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకా వేసేదీ ఆ రోజే. ఒక నెల ముందే మీ ఆసుపత్రిలో అర్జీ ఇస్తే టీకా మందో, సిబ్బందో కొంత కలిసి రావచ్చు.

మందు కొనే ముందు మీ పది మంది సంగతి చూసుకోండి. కుక్కను చేత్తో పట్టే ప్రతి ఒక్కరూ ముందస్తు రేబిస్ టీకా వేయించుకోవాలి: మొదటి రోజు, 7వ రోజు, 21 లేదా 28వ రోజు. అంటే జూన్ మొదటి వారం దాటితే ఆలస్యమైనట్టే. ధనుర్వాతం టీకా కూడా ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. ఇవి పూర్తికాని వాళ్లకు రాతపని, ట్రాఫిక్ ఆపడం, నీళ్లు అందించడం అప్పగించండి.

వీధికుక్కలకు 10 డోసుల వయల్ (మందు సీసా) చవక. 120 కుక్కలకు 12 వయల్స్, పగలడానికీ కారడానికీ ఇంకొకటి. డోసు 1 మి.లీ. కుక్క చిన్నదైనా పెద్దదైనా అంతే. 2 మి.లీ. సిరంజిలు 150 ఉంచండి. కుక్కకో సిరంజి, కుక్కకో సూది. ఖర్చు తగ్గుతుందని ఒకే సూదితో నాలుగు కుక్కలకు వేయనివ్వకండి.

శిబిరాలు ఎక్కువగా పాడయ్యేది ఐస్ డబ్బా దగ్గరే. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండకు పాడవుతుందని అందరికీ తెలుసు, గడ్డకట్టినా పాడవుతుందన్నది చాలామందికి తెలియదు. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్ పక్కనే వయల్ పెడితే గంటలోనే మందు గడ్డకట్టవచ్చు. కరిగాక చూడ్డానికి మామూలుగానే కనిపించినా పనిచేస్తుందన్న నమ్మకం ఉండదు. ప్యాక్‌ను బయటపెట్టి, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చేదాకా ఆగండి. అప్పుడు న్యూస్‌పేపర్ చుట్టి డబ్బాలో పెట్టండి. మధ్యలో ఒక చిన్న థర్మామీటరు ఉంచి, గంటకోసారి చూసి రాయడానికి ఒకరిని పెట్టండి. ఇంట్లో ఫ్రిజ్‌లో దాచేటట్టయితే తలుపు అరల్లో పెట్టకండి, మధ్య అరలో పెట్టండి. తీసే ముందు వయల్‌ని మెల్లగా ఊపి కలపాలి. పదిహేను సిరంజిలు ముందే నింపి పెట్టుకోవడం వద్దు. మూత గుచ్చిన వయల్ ఆ పూటే అయిపోవాలి.

సూది వేసేది డాక్టరు గారు, లేదా ఆయన కళ్లెదుట ఆయన చెప్పిన పశువైద్య సిబ్బంది. వాలంటీర్లు వేయకూడదు. చర్మం కింద వేసేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది: మెడ వెనక చర్మాన్ని గుడారంలా పైకి లాగుతారు, కుక్క కదులుతుంది, సూది మడత దాటి అవతలికి వచ్చేస్తుంది. అక్కడ వేలుతో తడమాలి. వెంట్రుకలు తడిగా ఉంటే మందు బయటికే పోయినట్టు, డాక్టరు గారితో చెప్పి మళ్లీ వేయించాలి. అరుదుగా టీకా పడక ముఖం వాయడం, వాంతులు, కూలబడటం జరుగుతాయి. అందుకని డాక్టరు గారి సంచిలో అలాంటప్పుడు వేసే అడ్రినలిన్ సూది ఉందో లేదో ముందే అడగండి. వేసిన ప్రతి కుక్కనూ ఒక పావుగంట కనుచూపులో ఉంచండి.

వలపట్టు:
పట్టుకోవడం గురించి నేను చెప్తాను.

ముందు లెక్క. శిబిరానికి వారం ముందు, తెల్లవారి 5:30కి, వీధికి ఇద్దరు చొప్పున నడవండి. కుక్క రంగు, ఆడా మగా, చెవికి కోత (పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినదానికి గుర్తు) ఉందా, ఎక్కడ పడుకుంటుంది, ఎవరు అన్నం పెడతారు, ఇవన్నీ రాసుకోండి. ఎండెక్కాక వెళ్తే సగం కార్ల కిందా, డ్రైన్ల పక్కనా దూరి ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 70 శాతం కుక్కలకు టీకా పడాలని. అంటే మీ 120లో 84కి తగ్గకూడదు. అయితే ఆ 84 ఐదు వీధుల్లోనూ పరుచుకుని ఉండాలి. నాలుగు వీధులు పూర్తిచేసి ఐదోది వదిలేస్తే లెక్క సరిపోతుంది కానీ, జబ్బు ఆ ఐదో వీధిలో తిరుగుతుంది.

శిబిరం రోజు 5:30 నుంచి 8:30 వరకే. జట్టుకు నలుగురు: రోజూ అన్నం పెట్టే మనిషి, పట్టేవారు, సూది వేసేవారు, రాసేవారు. అన్నం పెట్టే మనిషి లేకుండా వీధిలోకి అడుగుపెట్టకండి. వాళ్లు పిలిస్తే దగ్గరికొచ్చేవే సగం పైగా ఉంటాయి. ముందురోజు రాత్రి వాళ్లను తిండి తగ్గించమనండి. పొద్దున ఉడికిన కోడి పేగులో, గుడ్డో, అన్నమో చాలు. తీపి బిస్కెట్లు వద్దు. కుక్క తల వంచి తింటున్నప్పుడు పక్కనుంచి వెళ్లాలి, ఎదురుగా వెళ్లి మీదికి వంగకూడదు. మూతికి కట్టడానికి మీటరు పొడవు గాజుగుడ్డ సరిపోతుంది: ముడి ముక్కు పైన పడాలి, కొసలు గడ్డం కింద దాటించి చెవుల వెనక జారుముడి వేయాలి. రొప్పుతున్న కుక్కకు కట్టొద్దు, అరనిమిషం మించి ఉంచొద్దు.

పిలిస్తే రానివాటికి చేతి వల కావాలి. గోవాలో కుక్కలకు టీకాలు వేసే మిషన్ రేబిస్ అనే సంస్థ జట్లు వాడేది ఆ పద్ధతే. గుండ్రటి ఇనుప చట్రం, పొడవాటి సంచి వల. కుక్క పడగానే చట్రం నేలకు ఆనించి, సంచిని ఒక మెలిక తిప్పాలి. తొడ కండలో సూది, తలమీద రంగు, వదిలేయడం. ఇదంతా నిమిషంలో అయిపోవాలి. కండలో వేయవచ్చా అన్నది మీరు తెచ్చిన టీకా కాగితం మీద ఉంటుంది, డాక్టరు గారికి ముందే చూపించండి. వల పట్టడం వచ్చిన మనిషి లేకపోతే ఆ రోజుకు వల మాటే వద్దు. గుంపు మధ్యలో వల విసిరారంటే మిగతావన్నీ పక్క వీధికి పారిపోతాయి. అందుకే చేతికొచ్చేవన్నీ అయ్యాకే వల తీయాలి.

రంగు అంటే పశువులకు గుర్తుపెట్టే మార్కర్, కంటికి దూరంగా. పెయింటు స్ప్రే వాడొద్దు, నాకేస్తాయి.

గోదారిగట్టు:
చాలా థాంక్సండి. పిల్లల తల్లులు, మూడు నెలలు నిండని కుక్కపిల్లలు ఉన్నాయి. వాటిని వదిలేయాలా?

కోల్డ్‌చెయిన్:
టీకా కాగితం మీద సాధారణంగా మూడు నెలలు అని ఉంటుంది. కానీ సామూహికంగా వేసేటప్పుడు చిన్న కుక్కపిల్లల్నీ వదలొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పిల్లలు ఎత్తుకోవడం, ఆడుకోవడం ఎక్కువగా వాటితోనే కదా. వాటికి తర్వాత మళ్లీ వేయాలి కాబట్టి పేర్లు విడిగా రాసుకోండి. పాలిచ్చే తల్లిని పిల్లల దగ్గరే పట్టి, అక్కడే వేసి వదలండి. దవడ వేలాడుతూ, చొంగ కారుతూ, తూలుతూ, ఎదురొచ్చినదాన్నల్లా కొరికే కుక్క కనిపిస్తే మాత్రం పట్టొద్దు. రేబిస్ కాక డిస్టెంపర్ అనే ఇంకో కుక్కల జబ్బు కూడా కావచ్చు, కానీ వీధిలో నిలబడి తేల్చే పని కాదు. జనాన్ని దూరం జరిపి మున్సిపాలిటీకి ఫోన్ చేయండి.

కాలనీ_కార్యదర్శి:
మీ సంఘం వాళ్లతో చట్టం పేరు ఎత్తి పోట్లాటతో మొదలుపెట్టకండి. వాళ్ల భయం నిజమైనదే. రాత్రి డ్యూటీ నుంచి బైకు మీద వచ్చేవాడికి, పాలప్యాకెట్ కోసం వెళ్లే పెద్దావిడకు అది రోజూ ఉండేదే.

విషయం ఇలా చెప్పండి: 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్, టీకా అయిన కుక్కను పట్టిన చోటే వదలాలి. ఎక్కడో దించి రావడానికి లేదు. ఎత్తుకుపోయినా చెత్తకుండీ, చికెన్ కొట్టు వ్యర్థాలు అలాగే ఉంటే పక్క వీధి కుక్కలు ఆ ఖాళీలోకి వస్తాయి, వాటికి టీకా పడిందో లేదో ఎవరికీ తెలియదు. స్కూలు సంగతి వేరు. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల నుంచి కుక్కల్ని తీసేయాలనీ, తిరిగి అక్కడే వదలకూడదనీ ఆదేశించింది. ఆ పని స్థానిక సంస్థది, మీ గ్రూపుది కాదు. మీరు చేయగలిగింది ఏమిటంటే, స్కూలు గేటు దగ్గర అన్నం పెట్టేవాళ్లతో మాట్లాడి ఆ చోటు మార్పించడం, గోడకు కన్నాలుంటే హెడ్‌మాస్టరు గారికి చూపించడం.

అన్నం పెట్టే చోట్లు సంఘంతో కలిసే ఖరారు చేయండి. మెట్లు, గేట్లు, పిల్లలు ఆడుకునే స్థలం వదిలి, వీధికి ఒకటి. పిల్లలూ పెద్దవాళ్లూ తిరగని వేళ చూసుకుని, తిన్న అరగంటకు ఆకులు, పేపర్లు ఎత్తేయాలి. ఈ ఒక్కటి సరిగా జరిగితే సగం ఫిర్యాదులు ఆగుతాయి. శిబిరం రోజు సంఘం వాళ్లలో ఒకరికి రాతపని ఇవ్వండి. టీకా పడిన కుక్కల జాబితా వాళ్ల చేతిరాతతో నోటీసు బోర్డు మీద ఉంటే ఇంకొకరు వచ్చి చెప్పక్కర్లేదు.

టీచరమ్మ_భీమవరం:
పిల్లలకు ఇరవై నిమిషాలు చాలు. మాటలు తగ్గించి చేసి చూపించండి. కుక్క దగ్గరికొస్తే పరిగెత్తకుండా చెట్టులా నిలబడాలి: చేతులు ముడుచుకుని, చూపు కాళ్ల వేళ్ల మీద. కిందపడితే మోకాళ్లు కడుపులోకి లాక్కుని, వేళ్లు మెడ వెనక పెనవేసి, మోచేతులతో చెవులు కప్పుకోవాలి. ఒక్కొక్కరితో నేలమీద చేయించండి. తింటున్న, పడుకున్న, పిల్లలున్న కుక్క జోలికి వెళ్లకూడదు.

అంతకంటే ముఖ్యం, గీరినా కరిచినా ఇంట్లో దాచకూడదని చెప్పాలి. తిడతారని దాచేస్తారు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు ఏవీ రాయకూడదు. వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయంలోనే వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా అడగాలి. చేతికి వేసే సూదులు మొదటి రోజు, 3, 7, 28 రోజుల్లో. కుక్కకు టీకా వేశారని తెలిసినా ఇవి ఆపకూడదు. తల్లులు వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ఇదే మళ్లీ చెప్పండి.

వలపట్టు:
ఒకటి మర్చిపోయారు. శిబిరం అయిన మర్నాడు పొద్దున అదే దారిలో మళ్లీ నడిచి, రంగున్నవి ఎన్ని, లేనివి ఎన్ని లెక్కపెట్టండి. పదింటిలో ఏడు కంటే తక్కువున్న వీధికి ఆ ఆదివారమే మళ్లీ వెళ్లండి, రంగు చెరిగిపోయే లోపల. మూత గుచ్చకుండా మిగిలిన వయల్స్ అందుకే ఫ్రిజ్ మధ్య అరలో ఉంచాలి. వాడిన సూదులకు మళ్లీ మూత తొడగకుండా, వాటిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఆసుపత్రికి అప్పగించండి, చెత్తబండికి వేయొద్దు. చెవికి కోత లేనివాటి జాబితా ఒక కాపీ మున్సిపాలిటీలో కుక్కల ఆపరేషన్లు చూసేవాళ్లకు ఇవ్వండి. వీధి, రంగు, అన్నం పెట్టే మనిషి ఫోన్ నంబరు ఉంటే బండి వచ్చిన రోజు వెతుక్కునే పని ఉండదు.