వాట్సాప్ గ్రూపుల్లో పంపిన ప్రశ్నావళితో ఆన్‌లైన్ చదువుపై పరిశోధన: ఈ సమాధానాలను ఎంతవరకు నమ్మవచ్చు?

అడిగినవారు: హనుమకొండ స్కాలర్

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఉంటూ విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని డిగ్రీ విద్యార్థులు ఆన్‌లైన్ పాఠాలతో ఏ మేరకు నేర్చుకోగలుగుతున్నారు, వారికి ఎదురవుతున్న ఇబ్బందులేమిటి అన్నది నా అంశం. 36 ప్రశ్నలతో గూగుల్ ఫారం తయారు చేసి, తెలిసిన లెక్చరర్ల సాయంతో కళాశాలల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించాను. పది రోజుల్లో 412 సమాధానాలు వచ్చాయి. ప్రశ్నల సమాధానాల మధ్య పొంతన ఎంత ఉందో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా (1కి దగ్గరైతే పొంతన ఎక్కువ) 0.94 రావడంతో మా గైడ్ గారు సంతోషించి, ఇక విశ్లేషణ మొదలుపెట్టమన్నారు.

అయితే షీట్ తెరిచి వరుస వెంట వరుస చదువుతున్న కొద్దీ నాకు అనుమానం పెరిగింది. ఒక కళాశాల నుంచి వచ్చిన 61 సమాధానాల్లో 47 ఒకే రాత్రి 9.10కి, 9.25కి మధ్య వచ్చాయి. ఆరా తీస్తే, ఫారం నింపినవారంతా స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టాలని అక్కడి లెక్చరర్ మెసేజ్ పెట్టారని తెలిసింది. ఆ 47 మందిలో సగానికి పైగా మొదటి ప్రశ్న నుంచి చివరి ప్రశ్న దాకా ‘ఏకీభవిస్తున్నాను’ మీదే నొక్కుకుంటూ పోయారు. ఇక ‘మీకు ఇంటర్నెట్ సదుపాయం ఉందా?’ అన్న ఏడో ప్రశ్నకు 412 మందీ ఉందనే చెప్పారు. మొదట అది మంచి ఫలితమనుకుని సంబరపడ్డాను. మర్నాడు పొద్దున మళ్లీ చూస్తే నా తెలివికి నాకే నవ్వొచ్చింది.

అనుమానం ఉన్న సమాధానాలను ఏరివేసి మిగిలినవాటితో ముందుకు వెళ్లవచ్చా? లేక ప్రశ్నావళినే పక్కన పెట్టి, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో మా విద్యార్థులు చేరిన కోర్సులను ఎంతమంది పూర్తి చేశారన్న లెక్క తీసుకోవడం మేలా? సమర్పణకు ఇంకా ఎనిమిది నెలల గడువుంది.

సమాధానం 1: కరీంనగర్ నుంచి, గణాంకశాస్త్రంలో విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, ముందుగా మీ ఏడో ప్రశ్న సంగతి చూద్దాం. మేడారం గద్దెల దగ్గర నిలబడి, వచ్చినవారినల్లా ‘మీరు జాతరకు వచ్చారా?’ అని అడిగితే ఎలా ఉంటుందో అది అలా ఉంది. నెట్ ద్వారా వెళ్లిన ప్రశ్న నెట్ లేనివారిని చేరదు. ఆ ఒక్క ప్రశ్నను తీసేస్తే సరిపోతుందనుకోకండి. మిగిలిన 35 ప్రశ్నల్లోనూ ఆ గైర్హాజరైనవారి లోటు ఉంటుంది. ఆన్‌లైన్ చదువులో ఇబ్బందులేమిటని అడుగుతూ, అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడినవారిని మొదటి మెట్టులోనే బయట నిలబెట్టారన్న మాట.

సంఖ్య పెద్దదైతే ఈ లోపం సర్దుకుంటుందని చాలామంది నమ్ముతారు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపి, దాదాపు 24 లక్షల సమాధానాలు తెప్పించుకుని, రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. గెలిచింది రూజ్‌వెల్ట్, అదీ 48 రాష్ట్రాల్లో 46 చోట్ల. ఆ పత్రిక చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి తీసుకున్నది. పైగా బ్యాలెట్ అందినవారిలో నాలుగింట మూడొంతుల మంది తిరిగి పంపనే లేదు. అక్కడ టెలిఫోన్ చేసిన పనినే ఇక్కడ మీ వాట్సాప్ గ్రూపు చేసింది.

ఇక ఆల్ఫా. 0.94 చూసి గైడ్ గారు సంతోషించారు గాని, నాకైతే అదే అనుమానం కలిగించింది. ప్రశ్నలన్నీ ఒకే దిశలో ఉన్నప్పుడు, చదవకుండా కొందరు అన్నిటికీ ‘ఏకీభవిస్తున్నాను’ అని, మరికొందరు అన్నిటికీ ‘తటస్థం’ అని నొక్కుకుంటూ పోతే, ప్రశ్నల మధ్య సంబంధం కృత్రిమంగా పెరిగి ఆల్ఫా కూడా పైకి ఎగబాకుతుంది. ఇది సమాధానాల పొంతనను చెబుతుందే తప్ప నిజాయితీని చెప్పదు. ‘ఆన్‌లైన్ పాఠం నాకు బాగా అర్థమవుతుంది’ అన్న వాక్యంతోపాటు ‘ఆన్‌లైన్ పాఠం సగంలోనే వదిలేస్తాను’ వంటి ఎదురు వాక్యాలు ఐదారు కలిపి ఉంటే, రెండింటికీ ఒకే గడిలో గుర్తు పెట్టినవారు ఇట్టే దొరికిపోయేవారు.

ఏరివేత విషయంలో ఒక్క మాట: ఏ కారణంతో ఎన్ని తీసేశారో సిద్ధాంతగ్రంథంలో రాయండి, తీసేయక ముందు ఫలితాన్నీ తీసేశాక వచ్చినదాన్నీ రెండూ చూపండి. ఎన్ని గ్రూపుల్లో మొత్తం ఎంతమంది సభ్యులున్నారో కూడా లెక్క తీయండి. 412 అన్నది పై అంకె మాత్రమే, దాని కింద ఉండాల్సిన హారం మీ ప్రశ్నలో ఎక్కడా లేదు.

సమాధానం 2: భూపాలపల్లి జిల్లా నుంచి, ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని

మేడమ్, నేను గణాంకాలు తెలిసినదాన్ని కాదు గాని, మీ ప్రశ్నల్లో ‘ఆన్‌లైన్ తరగతులు’ అన్న మాటకే పిల్లలు రెండు మూడు అర్థాలు చెప్పుకుని ఉంటారు. 2020 సెప్టెంబర్ 1న మన రాష్ట్రంలో డిజిటల్ తరగతులు మొదలైనప్పుడు, మా బడి పిల్లల్లో ఎక్కువమంది పాఠాలు చూసింది రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో, అంటే ఇంట్లో టీవీలోనే. మేము వాడలకు తిరిగి వర్క్‌షీట్లు ఇచ్చి, పాఠం చూశారా లేదా అని అడిగేవాళ్లం. అప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్లలు ఎక్కడా ఆగకుండా చదివితే 2025లో డిగ్రీలో చేరారు. వాళ్లను ‘మీరు ఆన్‌లైన్ తరగతులకు హాజరయ్యారా?’ అని అడిగితే, టీవీ పాఠాన్ని కలుపుకుని అవునన్నవారూ ఉంటారు, అది ఆన్‌లైన్ కాదనుకుని లేదన్నవారూ ఉంటారు.

ఇంకొకటి. మా ఊళ్లో ఒక ఇంట్లో అన్న డిగ్రీ, చెల్లె ఇంటర్, ఇద్దరికీ కలిపి నాన్న ఫోన్ ఒక్కటే. నాన్న ట్రాక్టర్ మీద పోతే ఫోన్ కూడా పోతుంది, రాత్రి ఎనిమిదింటికి గాని తిరిగి రాదు. అట్లాంటి ఇంట్లో ‘మీకు స్మార్ట్‌ఫోన్ ఉందా?’ అన్న ప్రశ్నకు జవాబు అవునే. రోజులో ఎన్ని గంటలు, ఏ వేళ మీ చేతిలో ఉంటుందని అడిగితే గాని అసలు విషయం రాదు. ‘ఒక్కరికి ఒకే సమాధానం’ అన్న నిబంధన పెడదామన్నా చిక్కే; దానికి గూగుల్ ఖాతాతో లాగిన్ కావాలి, ఒకే ఫోన్‌లో ఒకే ఖాతా ఉన్న ఇంట్లో ఇద్దరూ డిగ్రీ చదువుతుంటే అన్న నింపాక చెల్లెకు ఫారం తెరుచుకోదు.

సమాధానం 3: వరంగల్ నుంచి, ఆన్‌లైన్ కోర్సుల డేటాపై పనిచేస్తున్న పరిశోధకుడు

అక్కా, స్వయం లెక్కలు తీసుకుంటే సమస్య తీరుతుందని అనుకోవద్దు. అమెరికాలోని హార్వర్డ్, ఎంఐటీ విశ్వవిద్యాలయాలు ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో నడిపిన తొలి 17 కోర్సుల డేటాను 2014లో బయటపెట్టాయి. మొత్తం నమోదులు 8,41,687, సర్టిఫికెట్లు 43,196. భాగిస్తే ఐదు శాతం పైచిలుకు వస్తుంది, పత్రికలు అదే పట్టుకున్నాయి. అయితే 2,92,852 నమోదుల్లో అసలు పాఠమే తెరవలేదు. మరో 35,937 మంది సగానికి పైగా పాఠ్యభాగాన్ని చూసి, సర్టిఫికెట్ మాత్రం తీసుకోలేదు. వాళ్లు నేర్చుకోలేదని ఎవరు చెప్పగలరు? మన దగ్గర క్రెడిట్ కోసం చేరినవారు ఉంటారు, ఫీజు కట్టి పరీక్ష రాయడం ఇష్టం లేక వీడియోలు మాత్రం చూసినవారూ ఉంటారు. పూర్తి చేసినవారి శాతం నేర్చుకున్నదానికి కొలమానం కాదు. ‘నేను నేర్చుకున్నాను’ అని ఫారంలో నొక్కడం కూడా కాదు. నేర్చుకోవడమే మీ అంశమైతే ఎక్కడో ఒకచోట చిన్న పరీక్ష పెట్టక తప్పదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆ స్క్రీన్‌షాట్. మార్కులు వేసే లెక్చరర్ అడిగినప్పుడు విద్యార్థి ఇచ్చినది సమ్మతి అనిపించుకోదు. ఫేస్‌బుక్ 2012 జనవరిలో 6,89,003 మంది ఫీడ్‌ను వారికి తెలియకుండా వారం పాటు మార్చి, భావోద్వేగాలపై ప్రయోగం చేసింది. 2014లో ఆ వ్యాసం అచ్చయ్యాక లేచిన దుమారమంతా సమ్మతి గురించే. మీది అంత పెద్దది కాకపోయినా, ఆ 47 సమాధానాలను నేనైతే నాణ్యత కారణంగా కాకుండా ఈ కారణంగానే పూర్తిగా తీసేస్తాను. మొదటి సంవత్సరం విద్యార్థుల్లో 18 నిండనివారు ఉంటారన్నదీ చూసుకోండి. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ డేటా చట్టం వారిని బాలలుగానే లెక్కిస్తుంది. పరిశోధనకు అందులో కొంత మినహాయింపు ఉన్నా, తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవడమే క్షేమం. ఫారంలో ఈమెయిల్ సేకరించి ఉంటే, విశ్లేషణ షీట్ నుంచి ఆ నిలువు వరుసను ఇవాళే తీసేయండి.

అడిగినవారు: హనుమకొండ స్కాలర్

అందరికీ కృతజ్ఞతలు. సర్ చెప్పిన హారం కోసం నిన్న లెక్చరర్లందరికీ ఫోన్లు చేశాను; గ్రూపుల్లో కలిపి 2,300 మందికి పైగా ఉన్నారు. ఆ 47 సమాధానాలు తీసేశాను, ఈమెయిల్ వరుస కూడా తీసేశాను. ప్రశ్నలను 22కు తగ్గించి, ఆరు ఎదురు వాక్యాలు కలిపి, ఫోన్ ఏ వేళ చేతిలో ఉంటుందన్న ప్రశ్న చేర్చి, కాగితం మీద అచ్చు వేయిస్తున్నాను. వచ్చే నెల ములుగు, మహబూబాబాద్ వైపు నాలుగు కళాశాలలకు బస్సులో వెళ్లి, లెక్చరర్లు గదిలో లేని సమయంలో నేనే నింపించుకుంటాను. మొదటి ఫారం డేటాను పైలట్ స్టడీగా, అంటే అసలు అధ్యయనానికి ముందు చేసే చిన్న ప్రయత్నంగా చూపిస్తే గైడ్ గారు ఒప్పుకుంటారో లేదో సోమవారం తెలుస్తుంది.

సమాధానం 4: కరీంనగర్ నుంచి, గణాంకశాస్త్రంలో విశ్రాంత అధ్యాపకుడు

పైలట్‌గా చూపించడం సబబే, అమ్మా. అయితే తరగతి గదికి వెళ్తే ఆ రోజు హాజరైనవారే దొరుకుతారు. పొలం పనికో కూలికో పోయి కళాశాలకు రానివారి పేర్లు హాజరు పట్టికలో ఉంటాయి. ప్రిన్సిపాల్ అనుమతితో ఆ జాబితా అడిగి, వారిలో కొందరినైనా ఇంటి దగ్గర కలిసి రండి.