భాకరాపేట ఘాట్‌లో గ్రూపు రైడు: చిన్న బండివాడు ఎక్కడుండాలి?

అన్నలూ, ఈ ఆదివారం తిరుపతి నుంచి హార్స్‌లీ హిల్స్‌కి గ్రూపుగా పోతాండాం. నాది 125 సీసీ షైన్, వెనకాల తమ్ముడు కూర్చుంటాడు (బరువైనోడే). మిగతావన్నీ హిమాలయన్లు, డ్యూకులు, అంటే పెద్ద బండ్లే. హైవేలో ఒకరు ఎడమకి, ఒకరు కుడికి, ముందు బండికి కనీసం రెండు సెకన్ల దూరంలో పోవాలని, మలుపుల్లో ఒకే వరసలోకి రావాలని తెలుసు. భయమంతా భాకరాపేట ఘాట్‌ గురించే. ముందోడు లారీని దాటేసినాడని నేనూ దూరితే, ఎదురొచ్చే బస్సుకు నేనే దొరుకుతా. ఆగితే గ్రూపు కనబడదు, అందుకోవాలని ఇంకా తొందర పడతాం.

నెమ్మది బండిని లీడర్ వెనకాలే పెట్టాలా, చివర స్వీప్ (అందరి వెనకాల వచ్చే బండి) ముందరా? తిరుగుదారిలో ఇద్దరి బరువుతో దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కకుండా ఏ గేరు వాడతారు? "నా స్పీడులో నేనొస్తా, పీలేరులో కలుద్దాం" అని ముందే చెబితే ఏమైనా అనుకుంటారా?