‘ట్రాన్సెండెంట్ కింగ్‌డమ్’ చివరి అధ్యాయం రాజీయేనా?

మారతహళ్ళి పాఠకురాలు:
బెంగళూరులోని మా తెలుగు పాఠకుల బృందం వచ్చే ఆదివారం కబ్బన్ పార్కులో యా జాసి 2020 నాటి నవల ‘ట్రాన్సెండెంట్ కింగ్‌డమ్’ను చర్చించబోతోంది. ఘానా నుంచి అలబామాకు వలస వెళ్ళిన కుటుంబంలో పుట్టి, పెంతెకోస్తు సంఘంలో పెరిగి, డైరీలో దేవుడికి ఉత్తరాలు రాసుకున్న గిఫ్టీ, బాస్కెట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బకు వేసుకున్న నొప్పి మాత్రలతో మొదలై హెరాయిన్‌తో ముగిసిన అన్న జీవితాన్ని మోసుకుంటూ స్టాన్‌ఫర్డ్‌లో నాడీశాస్త్ర పరిశోధనకు చేరుతుంది. విశ్వాసం వదిలేసిన ఆమెను రచయిత్రి చివరికి మళ్ళీ చర్చిలో ఎందుకు కూర్చోబెట్టారు? ఇది విజ్ఞానానికీ విశ్వాసానికీ మధ్య రాజీయేనా? (ముగింపు చెప్పేశానని కోప్పడకండి, ఈ నవలలో ఉత్కంఠ అక్కడ లేదు.)

యశ్వంతపుర పరిశోధకుడు:
ఎలుకలతో పనిచేసేవాడిగా గిఫ్టీ ప్రయోగం వైపు నుంచి చెబుతాను. మీట నొక్కితే తీపి పానీయం వస్తుంది, కొన్నాళ్ళకు అదే మీట అప్పుడప్పుడు పాదాలకు షాక్ ఇస్తుంది. చాలా ఎలుకలు మానేస్తాయి, కొన్ని మానలేవు, గిఫ్టీ దృష్టంతా ఆ కొన్నింటిపైనే, వాటిని కాంతితో ఆపగలమా అన్నదే ఆమె ప్రయోగం. నాచులోని ఒక ప్రొటీన్ జన్యువును నాడీకణాల్లో ప్రవేశపెట్టి, కాంతితో వాటిని ఉత్తేజపరచవచ్చని 2005లో స్టాన్‌ఫర్డ్‌లోనే కార్ల్ డైసెరోత్ బృందం చూపింది కనుక, కథాస్థలం ఎంపికలోనూ ఔచిత్యం ఉంది. అయితే ఈ పద్ధతి ఒక ఎలుకను ఆపగలిగినా, పోయిన అన్న ఎందుకు ఆగలేకపోయాడన్న చెల్లెలి ప్రశ్న అలాగే మిగులుతుంది. ఆమెకూ ఆ సంగతి తెలుసు. అందుకే చర్చిలో కూర్చునే ఆ ముగింపు నాకు రాజీగా తోచలేదు.

ఒంగోలు వాసి, ప్రస్తుతం వైట్‌ఫీల్డ్:
బాప్టిస్టు కుటుంబంలో పెరిగినందువల్లనేమో, నాకు కారణం వేరుగా కనిపించింది. గిఫ్టీ విశ్వాసానికి పెద్ద దెబ్బ తగిలింది ప్రయోగశాలలో కాదు, అన్న వ్యసనాన్ని జాతికి అంటగట్టి సంఘస్థులు మాట్లాడుకున్న మాటలు చెవిన పడ్డప్పుడు. కాబట్టి చివర ఆమె కూర్చునే చర్చిలో ఆరాధన జరగకపోవడం, ఆమె ప్రార్థన కూడా చేయకపోవడం గమనించండి. సంఘం దగ్గరకు ఆమె తిరిగి రాలేదు, ఆ నిశ్శబ్దాన్ని మాత్రమే తనకు ఉంచుకుంది.

బసవనగుడి నుంచి:
ఆ నిశ్శబ్దంతో నాకు పేచీ లేదు, తొందరతోనే పేచీ. మంచం దిగని తల్లి చుట్టూ కథనంతా నడిపి, చివర్లో సంవత్సరాలు దాటేసి, ఆమె మరణాన్ని కొద్ది మాటల్లో ముగించడం నాకు మింగుడు పడలేదు. అన్న దుఃఖానికి ఇచ్చినంత చోటు తల్లికి దక్కలేదు. ఆదివారం చర్చలో నేను లేవనెత్తేది ఇదే.